పెన్సిల్వేనియా దస్త్రాలలో పూర్వీకుల జాడ

బబులోను చెరనుండి యెరూషలేముకు తిరిగివచ్చిన వారి జాబితా ఎజ్రా గ్రంథం రెండవ అధ్యాయంలో ఉన్నది. వారిలో కొన్ని యాజక కుటుంబాలవారు వంశావళి పట్టీలలో తమ పేర్లు వెదకి, అవి కనబడక యాజకత్వానికి దూరమయ్యారు. పట్టీలో పేరు ఉండటం, లేకపోవటం అనేది చూడటానికి చిన్న సంగతే గాని, దాని మీద మనిషి బ్రతుకే ఆధారపడుతుందని ఈ వృత్తాంతం తెలుపుతున్నది. శతాబ్ది ఉత్సవం జరుపుకొనే వేళ అందరమూ పాత పుస్తకాలు తెరచి, తాతల పేర్లు వెదకటం సహజం. అలాంటి వెదకులాటను ఒక శాస్త్రంగా, ఎంతో ఓపికతో సాగిస్తున్న దేశాలలో అమెరికా ఒకటి. అందులో ఒక్క రాష్ట్రాన్ని తీసుకొని, అక్కడి కుటుంబ చరిత్రకు ఆధారాలు ఎట్లా పుట్టాయో, ఎక్కడ దొరుకుతాయో చెప్పటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ రాష్ట్రం పెన్సిల్వేనియా. దానికీ మన తెలుగుదేశానికీ పాత పరిచయమే ఉన్నది. 1842 జులై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ సి.ఎఫ్. హయ్యర్ గారిని పంపినది పెన్సిల్వేనియా మినిస్టీరియం అనే అక్కడి సంఘసమాఖ్యే. జర్మనీలో జన్మించి, బాలుడిగా ఫిలడెల్ఫియా చేరిన ఆయన 1873లో ఆ నగరంలోనే కన్నుమూశారు. ఈనాడు మన పిల్లలు ఎందరో ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గు నగరాలలో స్థిరపడ్డారు. వారి మనుమలు కూడా ఒకనాడు ఈ దస్త్రాలనే వెదకవలసి ఉంటుంది.

ముందుగా ఒక సూత్రం మనసులో ఉంచుకోవాలి. ఏ దస్త్రమూ వంశచరిత్ర కోసం పుట్టలేదు. రాజుకు విధేయత కావాలి, ప్రభుత్వానికి శిస్తు కావాలి, కోర్టుకు వారసుడు కావాలి, సంఘానికి సభ్యుడు కావాలి. ఆ అవసరం కొద్దీ వ్రాసుకొన్న కాగితంలో మన పూర్వీకుడు దారినపోతూ చిక్కుకొని ఉంటాడు. కాబట్టి ఒక కాగితం ఎవరి అవసరానికి పుట్టిందో తెలిస్తే, అందులో ఎవరి పేర్లుంటాయో, ఎవరివి ఉండవో ముందే ఊహించవచ్చు.

కౌంటీ సరిహద్దులు

ఇంగ్లండు రాజు రెండవ ఛార్లెసు 1681లో విలియం పెన్‌కు ఈ ప్రాంతాన్ని ధారాదత్తం చేశాడు. మరుసటి సంవత్సరం ఫిలడెల్ఫియా, బక్స్, చెస్టర్ అనే మూడు కౌంటీలు ఏర్పడ్డాయి. ఇప్పుడవి 67. వీలునామాలు, భూమి దస్తావేజులు, వివాహ అనుమతి పత్రాలు అన్నీ కౌంటీ కచేరీలలోనే ఉంటాయి. అందువల్ల వెదికేవాడు వేయవలసిన మొదటి ప్రశ్న "మా తాత ఏ ఊళ్లో ఉన్నాడు?" అన్నది కాదు, "ఆ ఊరు ఆ సంవత్సరంలో ఏ కౌంటీలో ఉన్నది?" అన్నది.

ఉదాహరణకు నేటి లెబనాన్ పట్టణ ప్రాంతాన్ని తీసుకొందాము. 1729 వరకు అది చెస్టర్ కౌంటీలోనిది. ఆ సంవత్సరం లాంకాస్టర్ కౌంటీ ఏర్పడగా అందులో చేరింది. 1785లో డాఫిన్ కౌంటీ పుట్టగా దానిలోకి పోయింది. 1813లో లెబనాన్ కౌంటీ వేరుపడింది. ఒకే పొలంలో తరతరాలుగా కదలకుండా ఉన్న కుటుంబపు కాగితాలు సైతం వేరువేరు కచేరీలలో చెదిరి ఉండటానికి కారణం ఇదే. ఇది మనకు వింతగా తోచదు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు జిల్లా ఏర్పడిన సంగతి మనకు తెలుసు. 2016లో తెలంగాణలోనూ, 2022లో ఆంధ్రప్రదేశ్‌లోనూ జిల్లాలు తిరిగి విడిపోయినాయి. ఊరు కదలకపోయినా దాని రికార్డుల చిరునామా కదులుతూనే ఉంటుంది.

ఓడ దిగినవారి పట్టీలు

పెన్సిల్వేనియా కుటుంబాలలో చాలా భాగం జర్మన్ మూలాలు గలవి. రైన్ నదీ ప్రాంతంలోని యుద్ధాలు, పన్నుల భారం, కరవు తాళలేక వేలాది కుటుంబాలు ఫిలడెల్ఫియా రేవులో దిగాయి. ఇంతమంది పరదేశీయులను చూచి జంకిన వలస ప్రభుత్వం 1727లో ఒక నియమం పెట్టింది. దాని ప్రకారం ఓడ కెప్టెను తన ప్రయాణికుల పట్టీ ఇవ్వాలి. పదహారేండ్లు దాటిన మగవారు ఇంగ్లండు రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. నడుమ అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఆగినా, ఓడ పట్టీలు 1808 వరకు దొరుకుతున్నవి. స్ట్రాస్‌బర్గర్, హింకి అనే ఇద్దరు పరిశోధకుల కృషి ఫలితంగా 1934లో ఇవి అచ్చయినాయి.

ఇక్కడ మన సూత్రం పనికివస్తుంది. ప్రభుత్వానికి కావలసింది ప్రమాణం చేసే మగవాడు. అందుచేత భార్యల పేర్లు, పిల్లల పేర్లు ఆ పట్టీలలో చాలావరకు లేవు. స్కాట్లండు, ఐర్లండు, ఇంగ్లండు దేశాలనుండి వచ్చినవారు అదివరకే ఆ రాజు ప్రజలు. వారిచేత ప్రమాణం చేయించవలసిన పని లేదు గనుక వారి పేర్లూ వీటిలో లేవు. దస్త్రంలో పేరు కనబడకపోతే ఆ మనిషి రాలేదని నిర్ధారణ చేయరాదు.

ఉన్న పేర్లలో కూడా చిక్కులున్నవి. జర్మన్ భాష రాని ఇంగ్లీషు గుమాస్తా చెవికి తోచినట్లు పేరు వ్రాసుకొన్నాడు. ముల్లర్ అన్న ఇంటిపేరు మిల్లర్ అయింది. ష్నైడర్ కొన్ని ఇళ్లలో స్నైడర్ కాగా, అర్థం అనువాదమై మరికొన్ని ఇళ్లలో టేలర్ అయింది. వడ్రంగి అని అర్థమిచ్చే త్సిమ్మర్మన్, అదే అర్థంతో కార్పెంటర్‌గా మారింది. అన్నదమ్ముల పిల్లలే రెండు ఇంటిపేర్లతో కనబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

సంఘ పుస్తకాలు

పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వం జనన మరణాలను స్థిరంగా నమోదు చేయటం 1906 జనవరి 1న గాని ఆరంభం కాలేదు. విలియం పెన్ కాలం నుండి అప్పటికి రెండు వందల ఇరవై ఏండ్లకు పైగా గడిచాయి. అంతకాలం పుట్టిన బిడ్డల పేర్లు వ్రాసింది ఎక్కువగా సంఘాలే.

క్వేకర్లని పిలువబడే స్నేహితుల సమాజం వారు ఈ పనిలో అగ్రగణ్యులు. వారి నెలసరి సమావేశాల పుస్తకాలలో జననాలు, మరణాలు, వివాహాలు వరుసగా ఉన్నవి. పెండ్లి పత్రం మీద హాజరైనవారంతా సంతకం చేయటం వారి ఆచారం. కాబట్టి ఒక్క పెండ్లి పత్రం దొరికితే బంధువర్గమంతా కండ్లముందు నిలుస్తుంది. ఒక కుటుంబం మరో ఊరికి తరలిపోతే, యోగ్యతా పత్రం ఒకటి ఇచ్చి పంపేవారు. మన సంఘాలలో సభ్యత్వం మార్చుకొనేటప్పుడు తీసుకొనే ఉత్తరం వంటిదే అది. ఆ పత్రాలను పట్టుకొని వెళితే కుటుంబం ఏ ఏట ఎక్కడికి కదిలిందో తెలుస్తుంది.

అయితే వారి తేదీలను జాగ్రత్తగా చదవాలి. నెలల పేర్లు అన్యదేవతలవని వారు మొదటి నెల, రెండవ నెల అని అంకెలతో వ్రాశారు. 1752కు ముందు ఇంగ్లీషు రాజ్యంలో సంవత్సరాది మార్చి 25. అందుచేత ఆ కాలపు మొదటి నెల మార్చి, జనవరి కాదు. 1752లో సెప్టెంబరు 2వ తేదీకి మరునాటిని 14వ తేదీగా లెక్కించి పంచాంగాన్ని సరిచేశారు. ఈ సంగతి తెలియనివాడు తల్లి పెండ్లికి ముందే బిడ్డ పుట్టినట్లు లెక్కగట్టి లేనిపోని నింద వేయగలడు.

జర్మన్ లూథరన్, రిఫార్మ్‌డ్ సంఘాలవారి బాప్తిస్మపు పుస్తకాలలో బిడ్డ పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, తల్లిదండ్రులు, సాక్షులుగా నిలిచినవారి పేర్లు ఉంటాయి. ఈ సాక్షులు తరచుగా తాతయ్యలో, మేనమామలో, పినతల్లులో అయి ఉంటారు. అందువల్ల వారి పేర్లను వదలిపెట్టకూడదు. 1742లో వచ్చిన మ్యూలెన్‌బర్గ్ అయ్యగారు సంఘాలకు ఒక క్రమం ఏర్పరచి, 1748లో పెన్సిల్వేనియా మినిస్టీరియంను స్థాపించారు. అంతకు ముందే యోహాన్ కాస్పర్ స్టోవర్ అనే పాదిరి ఊరూరా తిరుగుతూ, తాను ఇచ్చిన బాప్తిస్మాలను, జరిపిన పెండ్లిండ్లను 1730 నుండి 1779 వరకు తన సొంత పుస్తకంలో వ్రాసి ఉంచారు. గుడి లేని పల్లెలలోని బిడ్డల పేర్లు ఎన్నో ఆ ఒక్క పుస్తకం వల్ల నిలిచాయి. 1896లో అది ఇంగ్లీషులో అచ్చయింది.

ఈ పుస్తకాలను చదివేవారికి మూడు హెచ్చరికలు. అన్నదమ్ములందరికీ యోహాన్ అనే మొదటి పేరే ఉండవచ్చు. యోహాన్ పేతురు, యోహాన్ ఆదాము అన్నప్పుడు ఇంట్లో పిలిచే పేరు రెండవది. స్త్రీల ఇంటిపేరు చివర "ఇన్" అని చేర్చటం జర్మన్ల అలవాటు. ముల్లరిన్ అంటే ముల్లర్ ఇంటి ఆడపడుచో, కోడలో గాని, అది వేరే ఇంటిపేరు కాదు. ఇక బిడ్డ చనిపోతే తరువాత పుట్టిన బిడ్డకు అదే పేరు పెట్టేవారు. ఒకే తల్లిదండ్రులకు ఇద్దరు జార్జీలు కనబడితే మొదటివాడి మరణం కోసం సమాధుల పుస్తకం చూడాలి.

బాప్తిస్మానికి గుర్తుగా పువ్వులు, పక్షులు చిత్రించి రంగులతో వ్రాసిన పత్రాలను కూడా ఈ జర్మన్ కుటుంబాలు దాచుకొనేవి. వాటిలో కొన్ని ప్రభుత్వ దస్త్రాలలోకి చేరిన విధం హృదయవిదారకం. స్వాతంత్ర్య యుద్ధ సైనికుల విధవలకు భరణమిచ్చే చట్టం 1836లో వచ్చింది. పెండ్లికి ఋజువు చూపమని ప్రభుత్వం అడిగింది. కొందరు ముదుసలి స్త్రీలు తమ కుటుంబ బైబిలులోని వంశపు పుటను, గోడమీది రంగుల పత్రాన్ని తీసి వాషింగ్టనుకు పంపారు. అవి తిరిగి ఇంటికి రాలేదు. నేటికీ జాతీయ ఆర్కైవ్స్‌లోని పెన్షను కట్టలలో అట్టి పత్రాలు ఉన్నవి.

కచేరీ కాగితాలు

కౌంటీ కచేరీలో వీలునామాల రిజిస్ట్రారు, దస్తావేజుల రికార్డరు అని వేరువేరు అధికారులుంటారు. వీరుగాక ఆర్ఫన్స్ కోర్టు, అంటే అనాథల కోర్టు, అని ఒకటున్నది. పేరును చూచి పొరబడరాదు. తల్లి బ్రతికి ఉన్నా, తండ్రి పోయిన మైనరు పిల్లలు ఆ కోర్టు దృష్టిలో అనాథలే. వీలునామా లేకుండా చనిపోయినవాని భూమి పంపకం అక్కడే జరిగేది. విధవ ఎవరు, పిల్లలెందరు, పెద్ద కూతురు ఎవరి ఇంటి కోడలు, మైనర్లకు సంరక్షకుడెవరు అన్న వివరాలన్నీ ఆ కాగితాలలో ఉంటాయి. వీలునామా దొరకలేదని నిరాశపడిన చోట, వీలునామాకంటే విలువైనది ఇక్కడ దొరుకుతుంది.

శిస్తు పట్టీలు ఎండిపోయిన కాగితాలుగా కనబడతాయి గాని, వరుసగా ఏటేటా చూచుకొంటూ పోతే మాట్లాడతాయి. ఇరవై ఒకటి దాటిన పెండ్లికాని యువకులను వేరుగా చూపి తలపన్ను వేసేవారు. ఒక పేరు ఆ పట్టీలో నుండి పోయి గృహస్థుల పట్టీలో కనబడితే, ఆ నడుమ అతనికి పెండ్లయి ఉండవచ్చు. పేరు పోయి దాని స్థానంలో భార్య పేరు వస్తే, అతడు మరణించి ఉండవచ్చు. "పెన్సిల్వేనియా ఆర్కైవ్స్" అనే పేరున రాష్ట్రం ప్రచురించిన వందకు పైబడిన సంపుటాలలో ఇట్టి పట్టీలు చాలా అచ్చయి ఉన్నవి.

జనాభా లెక్కలు, జనన మరణాలు

అమెరికాలో పదేండ్లకొకసారి జరిగే జనాభా లెక్కలు 1790లో ఆరంభమయ్యాయి. 1840 వరకు ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాసి, మిగిలినవారిని అంకెలుగా చూపారు. 1850 నుండి స్వతంత్రులైన ప్రతి ఒక్కరి పేరూ ఉన్నది. ఇంటి యజమానికి ఏమవుతారన్న వివరం 1880 నుండి చేరింది. 1890 నాటి లెక్కలు 1921 జనవరిలో వాషింగ్టనులో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని, దాదాపు అన్నీ పోయినాయి. పేర్లతో కూడిన పట్టీలను 72 ఏండ్లపాటు రహస్యంగా ఉంచుతారు గనుక 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న బహిరంగమయ్యాయి.

రాష్ట్ర స్థాయి నమోదుకు ముందు, 1893 నుండి 1905 వరకు కౌంటీలు జనన మరణాలను వ్రాశాయి. వివాహ అనుమతి పత్రాలు 1885 అక్టోబరు నుండి ఉన్నవి. 1906 తరువాతి జనన పత్రాలు 105 ఏండ్లకు, మరణ పత్రాలు 50 ఏండ్లకు అందరూ చూడవచ్చునని 2011లో చట్టం చేశారు. ఆ గడువు దాటినవి రాజధాని హారిస్‌బర్గులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరతాయి.

మరణ పత్రంలో చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లుంటాయి గనుక, 1906లో ఎనభై ఏండ్ల వృద్ధుడు మరణిస్తే, ఆ ఒక్క పత్రం మనలను ఒక్క అంగలో పందొమ్మిదవ శతాబ్ది ఆరంభానికి చేరుస్తుంది. కాని జ్ఞాపకముంచుకోవాలి. మరణ తేదీకి వైద్యుడు సాక్షి. పుట్టుక వివరాలకు మాత్రం దుఃఖంలో ఉన్న అల్లుడో, పొరుగువాడో చెప్పిన మాటే ఆధారం. ఒకే కాగితంలో ఒక గడి నమ్మదగినది, ఇంకొక గడి సరిచూడదగినది.

పట్టీలో లేకపోవటమే విడుదల

ఇంతవరకు పట్టీలో పేరు ఉండటం భాగ్యమన్నట్లు చెప్పుకొన్నాము. పెన్సిల్వేనియా చరిత్రలో దీనికి తలక్రిందులైన ఘట్టం ఒకటున్నది.

1780 మార్చి 1న ఆ రాష్ట్ర శాసనసభ బానిసత్వాన్ని క్రమక్రమంగా తొలగించే చట్టం చేసింది. అంతకు ముందునుండి బానిసలైనవారిని అది విడిపించలేదు. ఆ తరువాత పుట్టిన వారి పిల్లలు సైతం ఇరవై ఎనిమిదేండ్లు సేవ చేసిన పిమ్మటనే స్వతంత్రులు. అయితే యజమానులకు ఒక షరతు పెట్టింది. 1780 నవంబరు 1లోగా తమ బానిసల పేరు, వయస్సు వగైరా వివరాలు కౌంటీ గుమాస్తా వద్ద నమోదు చేయించాలి. అట్లా చేయించకపోతే ఆ మనిషి స్వతంత్రుడు. 1788లో మరొక చట్టం పిల్లల పేర్లను కూడా నమోదు చేయించాలన్నది.

ఆ పట్టీలో పేరు లేకపోవటమే విడుదల పత్రం! నమోదు సరిగా జరగలేదని కోర్టుకెక్కి స్వేచ్ఛ పొందినవారున్నారు. వారి తరఫున వాదించటానికి ఫిలడెల్ఫియాలో బానిసత్వ నిర్మూలన సంఘమే ఉండేది. పేరెక్కినవారు మాత్రం చట్టం ప్రకారమే బానిసలుగా మిగిలారు. 1847లో గాని పెన్సిల్వేనియాలో బానిసత్వం పూర్తిగా అంతరించలేదు.

ఆ నమోదు పుస్తకాలు కొన్ని కౌంటీలలో నిలిచి ఉన్నవి. యజమాని ఆస్తిని కాపాడటానికి పుట్టిన ఆ పుస్తకంలో, ఇంటిపేరు లేకుండా, ఒట్టి పేరూ వయస్సుగా మిగిలిన ఒక తల్లిని నేడు ఆమె సంతతివారు వెదకి కనుగొంటున్నారు. వారి చేతికి దొరికే మొదటి ఆధారం చాలా చోట్ల అదే. చరిత్రకారుడు ఆ పుటను తలవంచుకొని చదవవలసిందే.

అన్నను కనుగొన్న గుమాస్తా

1850 ఆగస్టులో ఫిలడెల్ఫియాలోని బానిసత్వ వ్యతిరేక సంఘపు కార్యాలయానికి అలబామానుండి యాభై ఏండ్ల నల్లజాతి మనిషి ఒకడు వచ్చాడు. పేరు పీటర్. చిన్నతనంలో తల్లికి దూరమై, అమ్ముడుపోయి, నలభై ఏండ్లకు పైగా దక్షిణాదిన బానిసగా బ్రతికి, చివరకు తన కష్టార్జితంతో స్వేచ్ఛ కొనుక్కొన్నాడు. తన తల్లిదండ్రులను వెదకుతున్నాననీ, వారి పేర్లు లెవిన్, సిడ్నీ అనీ చెప్పాడు. అతనికి తెలిసిన ఆధారం ఆ రెండు పేర్లే.

ఆ మాటలు వింటున్న గుమాస్తా విలియం స్టిల్ నివ్వెరపోయాడు. అవి తన తల్లిదండ్రుల పేర్లే. బానిసత్వంనుండి పారిపోయి వస్తూ తల్లి ఇద్దరు కొడుకులను విడిచి రావలసి వచ్చిందని అతడు ఇంట్లో విని ఉన్నాడు. పట్టుబడకుండా ఆమె సిడ్నీ అన్న పేరు మార్చుకొని ఛారిటీ అయింది. పాత పేరు ఇంటివారికి తప్ప ఇతరులకు తెలియదు. ఎదుట కూర్చున్నవాడు తాను ఎన్నడూ చూడని సొంత అన్న! తండ్రి అప్పటికే గతించినా, న్యూజెర్సీలో ఉన్న వృద్ధురాలైన తల్లి తన కొడుకును తిరిగి చూచుకొన్నది.

ఆ తరువాత స్టిల్ తన కార్యాలయానికి పారిపోయి వచ్చిన ప్రతివారి పేరు, మార్చుకొన్న పేరు, విడిచివచ్చిన భార్యాబిడ్డల పేర్లు శ్రద్ధగా వ్రాసి ఉంచాడు. విడిపోయినవారు ఏనాటికైనా కలుసుకోవాలన్నది అతని కోరిక. ఆ పుస్తకం శత్రువుల చేతిలో పడితే ఎందరికో ప్రాణాపాయం గనుక దానిని ఒక శ్మశానవాటికలోని కట్టడంలో దాచిపెట్టాడని చెబుతారు. 1872లో అది "అండర్‌గ్రౌండ్ రైల్ రోడ్" అనే గ్రంథంగా వెలువడింది. అంతర్యుద్ధం ముగిసిన పిమ్మట ఫిలడెల్ఫియాలో అచ్చవుతున్న "క్రిస్టియన్ రికార్డర్" అనే సంఘపత్రికలో, తల్లులు బిడ్డలను, భార్యలు భర్తలను వెదకుతూ ప్రకటనలు వేయించారు.

ఈ ఉపోద్ఘాతం లేకుండా వంశచరిత్రను చూస్తే అది తీరికగల పెద్దమనుషుల వినోదంగా తోచవచ్చు. పీటర్‌కు అది వినోదం కాదు.

మన ముందున్న పని

నేడు పెన్సిల్వేనియా దస్త్రాలు చాలా భాగం మైక్రోఫిల్మునుండి కంప్యూటరు తెరమీదికి వచ్చాయి. ఇంట్లో కూర్చునే వెదకవచ్చు. అయినా పద్ధతి మారలేదు. తననుండి మొదలుపెట్టి ఒక్కొక్క తరమే వెనక్కి పోవాలి. ముందు ఇంట్లోని పెద్దలను అడగాలి, తరువాత కుటుంబ బైబిలు, సమాధిరాయి, ఆ తరువాత కౌంటీ కచేరీ. సూచికలో పేరు దొరికినంతమాత్రాన తృప్తిపడక అసలు పుట చూడాలి.

మన సంగతి చూచుకొందాము. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెండ్లి రిజిస్టర్లు మన సంఘాలలో ఉన్నవి. జనన మరణాల నమోదుకు దేశమంతటికీ వర్తించే చట్టం 1969లో వచ్చింది. అంతకు ముందు పల్లెలలో పుట్టిన ఎందరో పెద్దలకు బాప్తిస్మపు రిజిస్టరులోని ఒక్క పంక్తియే వ్రాతమూలకమైన గుర్తు. బాప్తిస్మంనాడు పేరు మార్చుకొన్న తాతగారి పాతపేరు ఆ రిజిస్టరులో తప్ప మరెక్కడా ఉండకపోవచ్చు. సిడ్నీ ఛారిటీ అయిన సంగతి ఇంటివారు మరచిపోయి ఉంటే పీటర్‌కు తల్లి దొరికేది కాదని మరువరాదు.

కనుక మన బీరువాలలోని రిజిస్టర్లను చెదలకు, చెమ్మకు విడిచిపెట్టక వెలికితీద్దాము. పుటపుటకు ఫోటోలు తీయించి, ఒక నకలు వేరే చోట ఉంచుదాము. ఇకమీదట వ్రాసేటప్పుడు బిడ్డ పేరుతోపాటు తల్లి పుట్టింటి పేరు, ఊరు, పాతపేరు ఉంటే పాతపేరు, సాక్షుల వరసలు విప్పి వ్రాద్దాము. పెన్సిల్వేనియా పాదిరులు చాలామంది తల్లి పుట్టింటిపేరు వ్రాయకపోవటంవల్ల నేటికీ ఎన్నో వంశవృక్షాలలో ఆ కొమ్మ ఖాళీగానే ఉన్నది. స్టోవర్ అయ్యగారు గుఱ్ఱం దిగి, సాయంకాలం దీపం ముందు వ్రాసుకొన్న పేర్లను రెండు వందల ఏండ్ల తరువాతివారు కృతజ్ఞతతో చదువుతున్నారు. రాబోయే శతాబ్ది ఉత్సవంనాడు మన మునిమనుమలు మన పుస్తకం తెరచినప్పుడు వారికి వారి పేర్లు దొరకాలి.